గాజుతొట్టిలో చక్కెర నీళ్ళు

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. సిరోంచలో ఫిజిక్సు చెప్పే ఉద్యోగం దాన్ని ఇంకాస్త పెంచింది. ఏటా పన్నెండో తరగతి పిల్లలు కాంతి తరంగాల పొడవు కొలిచే ప్రయోగం చేస్తారు, లేదా చేశామంటారు. ఎర్ర లేజరు వెలుతురు సన్నగీతల పలక గుండా పోయి గాజుతొట్టి అవతలి గోడ మీద చుక్కలుగా పడుతుంది. తొట్టి ఖాళీగా ఉంటే చివరి చుక్కల మధ్య నూట ముప్పై ఆరు మిల్లీమీటర్లు. నీళ్ళు పోస్తే తరంగం పొట్టిదవుతుంది, చుక్కలు దగ్గరికి జరిగి ఆ దూరం నూట రెండవుతుంది. బోర్డు మీద నేనే రాసి చూపిస్తాను. అల్లపల్లిలో చదివిన అన్నల దగ్గర పిల్లలు తెచ్చుకునే పాత జర్నళ్ళలోనూ, అంటే ప్రయోగాల రికార్డుల్లోనూ, అదే అంకె ఉంటుంది.

ఈసారి వీళ్ళ సంగతి తేల్చాలనుకున్నాను. బజారులో కిలో చక్కెర కొని, ఎవరికీ చెప్పకుండా రెండు లీటర్ల నీళ్ళలో కరిగించి తొట్టిలో పోశాను. చక్కెర నీళ్ళలో తరంగం ఇంకా పొట్టిదవుతుంది. నిజంగా కొలిస్తే తొంభై ఎనిమిదే రావాలి.

అన్ని జర్నళ్ళలోనూ నూట రెండే! ఒక్కదాని మీదా సంతకం పెట్టనన్నాను. నా సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వరు. కాపీ కొట్టామని అందరూ ఒప్పుకుని, మళ్ళీ చేస్తామన్నారు. ఒక్కమ్మాయి మాత్రం కదల్లేదు.

"నేను కాపీ కొట్టలే సార్. జర చూడుండ్రి" అని జర్నల్ ముందుకు తోసింది. నూట రెండు కింద పెన్సిల్‌తో రాసి చెరిపిన తొంభై ఎనిమిది లీలగా కనబడింది.

నాకు సంతోషం కలగాలి కదా, కలగలేదు. చక్కెర కొన్నది వాళ్ళ నాన్న కిరాణా కొట్లోనే. సార్ చక్కెర కొన్నాడని ఆయన చెప్పి ఉంటాడు, ఈమె లెక్క కట్టి ఇప్పుడే రాసి చెరిపి ఉంటుంది! ఆమెను బయట నిలబెట్టి, తొట్టిలో ఇంకో లీటరు మంచినీళ్ళు కలిపాను. ఎన్ని కలిపానో ఆమెకు తెలిసే దారి లేదు.

"ఇప్పుడు కొలువు" అన్నాను.

చాలాసేపు వంగి చూసి, "తొంభై తొమ్మిది" అంది. నేనూ కొలిచాను. తొంభై తొమ్మిదే.

"మరి మొదట కొలిచింది ఎందుకు చెరిపావు?"

"నీళ్ళల్ల నూట రెండు రావాలె అని మీరే బోర్డు మీద రాసిండ్రు గద సార్. మూడుసార్లు కొలిచిన. ఇగ నేనే తప్పు చూస్తున్ననుకున్న."

సంతకం పెట్టాను. అవి మంచినీళ్ళు కావనీ, పిల్లల్ని పట్టుకోవడానికి నేనే చక్కెర కలిపాననీ చెప్పేశాను. కోపం చేస్తుందనుకున్నాను, చేస్తే బాగుండేది. జర్నల్ గుండెకు హత్తుకుని నా వంక చూసింది.

"అయితె నా కండ్లు మంచిగనే ఉన్నయా సార్?"