పాదుషా పెట్టె

తొలకరి పడిన రోజున మా వరండాలోని పాత చెక్కపెట్టె ఇంకా వాసన వేస్తుంది. తడిసిన చెక్క, బొగ్గుపొడి, అడుగున ఎక్కడో కొంచెం చేదుగా మందు వాసన. బొగ్గు పేల్చే మందు బాయిలోకి ఇట్లాంటి పెట్టెల్లోనే వచ్చేదట. గనిని మా వైపు బాయి అంటాం. ఖాళీదాన్ని బాయిలో పనిచేసిన మా తాత ఎప్పుడో ఇంటికి తెచ్చాడు. పాత సామాను బండికి వేద్దామని మా ఆయన ఏటా అంటాడు, నేను ఏటా పోట్లాడతాను. పాదుషాలు కూర్చున్న పెట్టెను బండికి ఎట్లా వేస్తాను?

గోదావరిఖనిలో మా క్వార్టరుకు రెండే గదులు. ఎండాకాలం గోడలు పొద్దుగూకినా చల్లారేవి కావు, తీగ మీద ఆరేసిన బట్టలు బొగ్గు పొయ్యిల పొగకు మళ్లీ ఉతకాల్సినట్లు తయారయ్యేవి, వానలు పడితే వీధంతా నల్లటి బురదై, ఆ బురద మీదుగా ప్రతి ఇంట్లోంచీ మక్కగారెలు కాలే వాసన వచ్చేది. మా గడియారం సైరనే. రెండో షిఫ్టుకు మూడు గంటలకు అది మోగితే అవ్వ, అంటే మా అమ్మ, డ్యూటీ సంచి మా నాన్న బాపు చేతికిచ్చేది.

పక్క క్వార్టరు యూసుఫ్ చాచా బాయిలోకి దిగేవాళ్లకు లైట్లిచ్చే పని చేసి రిటైరైనాయన. చేతికి పెద్ద గడియారం, నోట్లో మూడు వందల ఏండ్ల కిందటి కథలు. "ముసలి పాదుషా మన దక్కన్‌లనే సచ్చిపోయిండు. ముగ్గురు కొడుకులు తఖ్తు కోసం కొట్లాడిండ్రు. గెలిసినోడన్న సుఖపడ్డడా? అయిదేండ్లకే పాయె. మల్ల వాని కొడుకులు కొట్లాడిండ్రు" అని చెప్పి, మా మొహాలు చిన్నబోయాయంటే సూరత్ రేవుకొచ్చే ఓడలను దోచిన సముద్రపు దొంగల దగ్గరికి తీసుకుపోయేవాడు.

ఆ కథల్లోంచే మా ఆట పుట్టింది. పెట్టె తఖ్తు, అంటే సింహాసనం. ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కాలి, మూడు గంటల సైరన్ మోగేసరికి దాని మీద ఎవరుంటే వాళ్లు ఆ రోజుకు పాదుషా. మా అన్నలిద్దరూ పాదుషా కొడుకులు, షాజాదాలు. ఆడపిల్లకు తఖ్తు లేదన్నారు గనుక నేను సముద్రపు దొంగనయ్యాను. అవ్వ గారెల గంప నా ఓడ. పాదుషాల కంటే నా కడుపే ఎక్కువ నిండేదని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను.

గెలిచేది ఎప్పుడూ చిన్నన్నే. పెద్దన్న బలమైనవాడు, అంతసేపూ పెట్టె మీద అతనే ఉండేవాడు, తీరా సైరన్‌కు ముందు "నీళ్లు తాగొస్త" అని దిగేవాడు. పెద్దన్నకు దూప ఎక్కువనుకునేదాన్ని. చాచా మాత్రం తన గడియారం చూసుకొని నవ్వేవాడు.

కొన్నేండ్లకు బాపుకు దగ్గు పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బాయి పనికి పనికిరాడని డాక్టర్లు రాశారు. మా బొగ్గుబాయిల వాడుక ప్రకారం ఆ ఉద్యోగం ఒక కొడుక్కు వస్తుంది. ఒక్కడికే. రెండోవాడు తనకు అభ్యంతరం లేదని కాగితం మీద సంతకం పెట్టాలి. ఆడపిల్లకు ఆ కాగితంలో చోటే లేదు, అక్కడా నేను దొంగనే. పెద్దన్నకు పెళ్లయింది, వదిన నీళ్లాడే నెలలు. చిన్నన్న ఫిట్టర్ పని నేర్చుకొని ఈ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్నాడు. నెల రోజులు ఇద్దరూ ఎడమొహం పెడమొహం, తిండి కూడా వేర్వేరు వేళల్లో. నాకు భయమేసేది. "నీ కత మా ఇంటికే ఒచ్చింది యూసుఫన్నా" అని అవ్వ కళ్లు తుడుచుకుంది. చాచా ఆ రోజు నుంచి కథలు మానేశాడు.

చివరికి ఒక మధ్యాహ్నం బాపు కాగితం తెచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "ఎవలు పెడ్తరో పెట్టుండ్రి. ఆఫీసు బందయితది."

పెట్టె మీద చిన్నన్న కూర్చుని ఉన్నాడు. పెద్దన్న గోడకు ఆనుకొని నేల చూస్తున్నాడు. చిన్నన్న కాగితం అందుకొని, మోకాలి మీద పెట్టుకొని సంతకం చేసి, లేచాడు.

"నీళ్లు తాగొస్త" అని లోపలికి పోయాడు.

అంతలో సైరన్ మోగింది. పెద్దన్న తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చాడు. చిన్నప్పటి ఆ దూప ఉత్తదని, ఆ సంగతి చిన్నన్నకు ఎప్పటినుంచో తెలుసని నాకు అప్పుడర్థమైంది.

ఆ తర్వాత చిన్నన్న దుబాయి పోయాడు, ఓడల రేవులో పని. ఫోన్‌లో అవ్వ "సముద్రంల దొంగలుంటరట, పైలం బిడ్డా" అంటే, "మన చెల్లె కంటె పెద్ద దొంగలు లేరవ్వా" అనేవాడు. తెలంగాణ వచ్చిన ఏడాది తిరిగొచ్చి మంచిర్యాల తొవ్వలో వెల్డింగు షాపు పెట్టుకున్నాడు.

బాపు లేడు, చాచా లేడు. బొగ్గు పొయ్యిలు పోయి గ్యాసు వచ్చింది, మా క్వార్టర్ల వరస కూల్చేశారు, పెట్టెను నేను మా ఇంటికి తెచ్చుకున్నాను. మా బాయి మూతపడింది, దాని సైరన్ కూడా పోయింది. మొన్న రాఖీకి అన్నలిద్దరూ మా ఇంటికి వచ్చారు. పెద్దన్నకు ఇప్పుడు బాపు దగ్గే వచ్చింది. అన్నం తిన్నాక వరండాలోకి పోయి, ఆయాసం తీర్చుకోవడానికి ఆ పెట్టె మీద కూర్చున్నాడు. గోడ మీద గడియారంలో మూడు కావస్తోంది. అలవాటు ఎక్కడికి పోతుంది, దాన్ని చూసి లేవబోయాడు.

చిన్నన్న అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"కూసో అన్నా. నీళ్లు నేను తెస్త."