పచ్చడి సీసా రబ్బరు మీద తిరిగిన గొంతు

నోవీ సాద్‌లో పాత సామాన్లమ్మే మా నైలాన్ సంతలో తిహోమిర్‌కి శత్రువులు ఇద్దరే. ఒకటి వాన, రెండోది బాగా అమ్ముడుపోయే పాటలు. వాన వస్తే రికార్డుల మీద పరదా కప్పుతాడు. బాగా అమ్ముడుపోయే పాటలను మాత్రం బల్ల కింద పెట్టెలో అడుక్కి తోసేస్తాడు. ఎవరైనా అడిగితే, "వంగి వెతుక్కోండి, నడుముకి మంచిది" అంటాడు.

నా బల్ల అతని పక్కనే. నేను బొత్తాలు, దారపుండలు, పోయినవాళ్ల ఇళ్లలోంచి వచ్చిన కళ్లజోళ్లు అమ్ముతాను. ఇరవై ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం అతని పాటలు నా చెవిన పడుతున్నాయి. అందులో నేను అడిగి పెట్టించుకున్నది ఒక్కటీ లేదు.

రాక్, హిప్‌హాప్ అతని దగ్గర ఒకే పెట్టెలో ఉంటాయి. దీని మీద వారానికో గొడవ. జుట్టు నెరిసినా కత్తిరించుకోని రాక్ పెద్దమనుషులు వచ్చి, "తిహో, ఈ వాగుడుగాళ్లని తెచ్చి గిటార్ల మధ్య కూర్చోబెట్టావేంట్రా?" అని గునుస్తారు. కాసేపటికి టోపీ కుర్రాళ్లు వచ్చి, "బాబాయ్, ఈ తాతల సంగీతం కింద మావాళ్లు ఊపిరాడక చస్తున్నారు" అంటారు. అతను ఇద్దరికీ ఒకటే జవాబు చెబుతాడు.

"ఎవరూ వినకపోవడంలో వాళ్లంతా చుట్టాలేరా. చుట్టాలని విడదీసే పాపం నాకొద్దు."

వినేవాడు దొరికితే వదలడు. స్కోప్యే ఊరి బృందం ఒకటుంది, జన్మలో ఒకే ఒక్క ఆల్బమ్ చేసింది. రికార్డింగు రోజున బాకా ఊదేవాడికి రైలు తప్పిపోయి సాయంత్రానికి చేరాడట. అందుకని బాకా రెండో వైపే ఉంటుంది. "మొదటి వైపు విని పక్కన పడేసినవాడికి ఆ బాకా సంగతే తెలీదు, పాపం" అని నిజంగా జాలిపడతాడు. సుబోతిత్సా ఊరి కుర్రాళ్లు ముగ్గురు నాయనమ్మ సామాన్ల గదిలో కూర్చుని చేసిన హిప్‌హాప్ క్యాసెట్ ఇంకొకటి. మూడో పాటలో గోడ అవతల నాయనమ్మ దగ్గుతుంది. వాళ్లు ఆ దగ్గుని తీసెయ్యకుండా దాని మీదే తాళం కట్టారు. ఆ చోటు రాగానే తిహోమిర్ వేలెత్తి సంతంతా ఆగాలన్నట్టు నిలబడతాడు. ఎవరూ ఆగరు. మిరపకాయలమ్మేవాడు మిరపకాయలమ్ముతూనే ఉంటాడు.

వీటన్నిటికీ పైన ఒక క్యాసెట్ ఉండేది. తొంభై నాలుగులో, బయటి దేశాలు మాకు సరుకులు ఆపేసిన ఆంక్షల కాలంలో, యద్రాంకా అనే పందొమ్మిదేళ్ల పిల్ల చేసింది. గిటారు ఆమె పెదనాన్న కొడుకుది, డప్పుల మోత చేసే యంత్రం ఎరువు తెచ్చుకున్నది. రొట్టె కోసం వరసలో నిలబడటం, పెట్రోలు సీసాల్లో అమ్ముకోవడం, సైన్యం పట్టుకుపోయిన అన్న ఫోను కోసం కూర్చోవడం, ఇవే పాటలు. మొదటి పాట ఫోను ఎత్తగానే వచ్చే కూతతో మొదలవుతుంది. ఆ తర్వాత గొంతు వస్తుంది. నెమ్మదిగా, లావుగా, బావి అడుగునుంచి ఎవరో ముసలాయన మాట్లాడుతున్నట్టుంటుంది. ఆడపిల్ల గొంతంటే ఎవరూ నమ్మరు. అదే దాని గొప్పతనం అనేవాడు తిహోమిర్. ఆ పిల్ల అది ఒక్కటే చేసి మానేసింది. ఎందుకు మానేసిందంటే, "ఈ జనానికి చెవులెక్కడేడ్చాయి అక్కా" అని నా మీద కూడా ఎగిరేవాడు, నా చెవులు కూడా ఆ జనంలో ఉన్నట్టు.

పోయిన వసంతంలో బెల్‌గ్రేడ్ నుంచి ఓగ్నెన్ అనే కుర్రాడు వచ్చాడు. మరుగునపడిన ఆల్బములను మళ్లీ రికార్డులుగా వేసే చిన్న కంపెనీ అతనిది. ఆ క్యాసెట్‌ని ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టారట, ఎక్కడెక్కడి దేశాలవాళ్లో వింటున్నారట.

"బాబాయ్, ఆ గొంతు! ఆ నెమ్మది! నాకైతే వారం రోజులు నిద్ర పట్టలేదు. ఆమె ఎక్కడుందో చెప్పండి, సంతకం తీసుకుని పండగ చేసేద్దాం" అన్నాడు.

తిహోమిర్ ఎగిరి గంతేస్తాడనుకున్నాను. పాతికేళ్లు ఎదురుచూసిన మాట అది. అతని మొహం మాత్రం సున్నం కొట్టినట్టయింది. కుర్రాడిని వారం ఆగి రమ్మని పంపేసి, నా బల్ల వెనక పీట మీద కూలబడ్డాడు. కాఫీ పోసిచ్చాను. తాగలేదు.

"అక్కా, అది ఆ పిల్ల గొంతు కాదు."

"మరెవరిది? నీదా?"

"యంత్రానిది."

ఆ రోజుల్లో క్యాసెట్లు ఒకదాన్నుంచి ఒకటి నింపి అమ్మడమే అతని బతుకు. రెండు యంత్రాలు, ఒకటి వినిపిస్తుంది, ఒకటి నింపుకుంటుంది. వినిపించేదాంట్లో చక్రాన్ని తిప్పే రబ్బరు పట్టీ తెగిపోయింది. ఆంక్షల్లో రొట్టెలే దొరకవు, పట్టీలెక్కడ దొరుకుతాయి? వాళ్లమ్మ ఎర్ర మిరపకాయ పచ్చడి పెట్టే సీసా మూతకి ఉండే రబ్బరు తీసి వేశాడు. తిరిగింది. కానీ వదులుగా, జారుతూ, నిదానంగా తిరిగింది. నింపుకునే యంత్రం మాత్రం బాగానే ఉంది. దాంతో నింపినవన్నీ సాగిపోయి, గొంతులన్నీ లావెక్కిపోయాయి. తెలిసిన పాటలు కొన్నవాళ్లు తిరిగొచ్చి, "ఏరా తిహో, ఈ గాయకుడు తాగి పాడాడా, నువ్వు తాగి నింపావా?" అని అడిగారు. అప్పుడు తెలిసింది. సరిహద్దు దాటి సెగెడిన్ వెళ్లేవాడిచేత అసలు పట్టీ తెప్పించుకునేలోపు మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాల్లో నింపినవే యద్రాంకా క్యాసెట్లు వంద. ఆమె పాట అంతకుముందు ఎవరూ వినలేదు కాబట్టి, తప్పుందని తిరిగొచ్చి చెప్పినవాడు లేడు.

"అసలు క్యాసెట్ ఉంటుందిగా, ఆ పిల్ల తెచ్చిచ్చింది?"

అతను తల దించుకున్నాడు. "దాని మీద ఎవరిదో పెళ్లి అకార్డియన్ నింపి ఇచ్చేశాను అక్కా. ఖాళీ క్యాసెట్ దొరికేది కాదుగా."

ఈ ఒక్క విషయంలో అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజుల్లో మేమందరం అదే చేశాం. ఉన్నదాని మీద కావలసింది నింపుకోవడం. నేను మా ఆయన పుట్టినరోజు పాట పాడిన క్యాసెట్ మీద రేడియోలో వచ్చిన వంటల కార్యక్రమం నింపుకున్నాను. ఆ మరుసటేడు ఆయన పోయాడు. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, తిహోమిర్‌కి కూడా చెప్పలేదు.

మిగతాదానికి మాత్రం దులిపేశాను.

"నీ ఇల్లు బంగారం కానూ! పాతికేళ్లు ఈ సంతలో నిలబడి జనానికి చెవుల్లేవని తిట్టింది నువ్వేనా? వాళ్లకి చెవులుండి ఏం వింటార్రా, నువ్వు వినిపించింది పచ్చడి సీసానైతే! ఆ పిల్లకి చెప్పావా?"

"లేదు. మొదట సిగ్గేసింది. తర్వాత... ఆమె మళ్లీ ఇటు రాలేదు."

"నువ్వు వెళ్లలేదా? నోవీ సాద్ ఏమన్నా సముద్రమా?"

పాడైంది బాగుచెయ్యి, అప్పుడే నాతో మాట్లాడు అన్నాను. రెండో రోజు మధ్యాహ్నం క్యాసెట్ యంత్రాన్ని చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. నా దగ్గరికెందుకని అడిగితే, నా పాత ఫోను కావాలన్నాడు. మొదటి పాటలో ఉన్న ఫోను కూత, మా ఇంట్లో ఫోను ఎత్తితే వచ్చే కూత ఒకటే. క్యాసెట్‌లో అది నిద్రమత్తులో ఉన్నట్టుండేది. ఒక చెవికి రిసీవరు ఆనించుకుని, యంత్రం వెనక చిన్న మరను తిప్పుకుంటూ పోయాడు. రెండు కూతలూ కలిసి ఒకటయ్యాయి. అప్పుడు గొంతు వచ్చింది.

చిన్నపిల్ల. సన్నగా, కాస్త ముక్కుతో, మాట మీద మాట తరుముతూ, అన్న ఫోను చేసేలోపు అన్నీ చెప్పేయాలన్నట్టు. కోపంగా ఉంది, భయంగానూ ఉంది. నాకు ఏడుపొచ్చేసింది. తిహోమిర్ ఆ వేగంలోనే కొత్త క్యాసెట్ నింపుకోవాలని తీగలు చుట్టుకుని వెళ్లిపోయాడు.

యద్రాంకా తపాలా ఆఫీసు వెనక రొట్టెల దుకాణంలో పనిచేస్తోంది. మంగళవారం ఇద్దరం వెళ్లాం. ఒంటరిగా వెళ్లమంటే వెళ్లేవాడు కాదని నేనూ వెళ్లాను. నలభై నాలుగేళ్ల మనిషి, చేతులు మోచేతుల దాకా పిండి. అతన్ని చూడగానే గుర్తుపట్టింది.

"మాంసం బూరెక్ రొట్టెలు అయిపోయాయి బాబాయ్. జున్నుది ఒక్కటే ఉంది."

అతను జున్నుది కొన్నాడు. తర్వాత చేతిలో ఆ పొట్లం పట్టుకునే అంతా చెప్పాడు, రబ్బరు, వంద క్యాసెట్లు, పెళ్లి అకార్డియన్. ఆమె వింటూ బల్ల తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"నేనొచ్చాను సంతకి, ఆ మొదటి ఆదివారమే," అంది చివరికి. "కొత్త చొక్కా వేసుకుని మరీ వచ్చాను. దూరం నుంచే నా పాట వినబడింది. మీ బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు, 'ఎవడ్రా ఈ ముసలాడు' అని పడీ పడీ నవ్వుతున్నారు. నా గొంతు మీకు నచ్చలేదు, అమ్ముడుపోదని మార్చేశారనుకున్నాను. అట్నుంచటే వెళ్లిపోయాను."

"ఒక్క మాట అడగాల్సింది కదమ్మా," అన్నాడు తిహోమిర్.

"అడిగితే, అవును నచ్చలేదు అంటారని భయం. పందొమ్మిదేళ్లు బాబాయ్ నాకు. తర్వాత ఇంట్లో పాడుకున్నా నాకే రోతగా ఉండేది. మానేశాను."

తిహోమిర్ ఆమెని వచ్చే ఆదివారం రమ్మన్నాడు, సరిచేసింది వినిపిస్తానన్నాడు. ఆమె మా వెనక నిలబడ్డావిడకి రొట్టె తూచి ఇచ్చింది.

ఆదివారం ఆమె వచ్చింది. ఓగ్నెన్ కూడా కాగితాలు పట్టుకుని వచ్చాడు. తిహోమిర్ గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రెండుసార్లు తప్పు మీట నొక్కాడు.

ఫోను కూత వచ్చింది, వెనకే ఆ పిల్ల వచ్చింది. యద్రాంకా కదలకుండా నిలబడి వింది. రెండో పాటలో ఆమె పెదాలు కదలడం మొదలైంది, ఒక్క ముక్క మర్చిపోలేదు. ఒకచోట ఆ పిల్ల ఊపిరందక తడబడుతుంది, అక్కడ ఈమె కూడా తడబడింది, నవ్వింది. ఆ నవ్వు చూసి, పోనీలే, ఇరవై ఐదేళ్లు ఆలస్యమైనా దేవుడు కళ్లు తెరిచాడనుకున్నాను.

ఓగ్నెన్ గొంతు సవరించుకున్నాడు. "బాగుంది... అంటే, బానే ఉంది. కానీ ఏమనుకోకండి, ఇలాంటివి అప్పట్లో చాలా వచ్చాయి. జనం అడుగుతోంది ఆ నెమ్మదిదే. ఆ గొంతే."

"నీ నోట్లో మన్ను పొయ్య, ఆవిడ నీ ఎదురుగానే ఉందిరా!" అని అరిచాను.

యద్రాంకా నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అబ్బాయినేం అనకండి అక్కా." తిహోమిర్ వైపు తిరిగింది. "మీరు చెప్పండి బాబాయ్. ఊళ్లో ఎవరూ వినని పాటల్ని వినేది మీరొక్కరే. ఇన్నేళ్లు నా క్యాసెట్ గురించి కనబడ్డవాళ్లందరికీ చెప్పారట. మీకేది బాగుంది?"

ఒక్క అబద్ధం ఆడరా, నీ సొమ్మేం పోయింది, అని లోపల మొక్కుకున్నాను. అతను ఆడలేడని కూడా నాకు తెలుసు. పాట నచ్చిందా లేదా అన్న విషయంలో ఆ మనిషి తల్లికి కూడా అబద్ధం చెప్పలేదు. బల్ల మీద ఉన్న రికార్డుని అవసరం లేకపోయినా సర్దాడు.

"ఇది బాగుందమ్మా," అన్నాడు. "ఆ నెమ్మదిది వింటే మాత్రం... నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది."

ఆమె మెల్లగా తలూపింది. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"అయితే మీరు నన్ను ఎప్పుడూ మెచ్చుకోలేదన్నమాట," అంది.

ఆమె ఓగ్నెన్ చేతిలోంచి కలం తీసుకుని కాగితం మీద సంతకం పెట్టింది. "వేసుకో నాయనా. నా పేరు మాత్రం వెయ్యొద్దు. ఆ పాడింది ఎవరో నేనెరగను." తర్వాత యంత్రం దగ్గరికెళ్లి, మీట తనే నొక్కి, సరిచేసిన క్యాసెట్ బయటికి తీసి చొక్కా జేబులో వేసుకుంది.

"ఈ పిల్లని తీసుకెళ్తున్నా బాబాయ్. ఈ పాతికేళ్లూ దీన్ని విన్నవాళ్లు ఒక్కరూ లేరు. నేను వింటాను."