గన్నర్ మట్టయ్య వండిన పప్పు

ఎల్బీనగర్ రింగురోడ్డు వెనక కాలనీలో గన్నర్ మట్టయ్య ఇల్లు తెలియని ఆటోవాడు లేడు. మట్టయ్యది నల్లగొండ జిల్లా. నేవీలో పదిహేనేళ్లు చేశాడు. దిగివచ్చాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణం గోదాముకు చాలాకాలం కాపలా ఉన్నాడు. అరవై దాటాక చేసే పనేమీ లేక కాలనీకి పెద్దమనిషయ్యాడు.

వాళ్ల ముందుగదిలో, గడప దాటినవాళ్లకు మొదట కళ్లబడేచోట, ఆయన పడుచునాటి ఫోటో ఒకటుంది. తెల్ల చొక్కా, వీపు మీదికి వాలిన నీలం కాలర్, పాదాల దగ్గర ఏనుగు చెవుల్లా పరుచుకున్న ప్యాంటు, నెత్తిన గుండ్రటి తెల్లటోపీ. కాలర్ అంచున మూడు తెల్లగీతలు కనిపిస్తాయి. అవేమిటని అడిగినవాళ్లకు "మూడు లడాయిలు" అని చెప్పేవాడు మట్టయ్య, వేరే ఎటో చూస్తూ. ఆ లెక్కన నిన్నగాక మొన్న ఓడెక్కినవాడు కూడా మూడు లడాయిలు చేసినట్టే. ఆ గీతలు నావికులందరికీ ఒకటే.

ఫోటోలో మనిషి కొంచెం పక్కకు తిరిగి నిలబడ్డాడు, కుడిచెయ్యి కనబడదు. "అప్పుడే గన్ను పేలింది, అటు తిరిగిన, ఆడనే తీసిండు" అనేవాడు. అసలు సంగతేమిటంటే, ఓడలో ఎవరు ఏ పని చేస్తారో చెప్పే గుర్తు ఆ చేతిమీద కుట్టి ఉంటుంది. మట్టయ్య చేతిమీద ఉన్నది ఫిరంగి గుర్తు కాదు. మట్టయ్య ఓడలో వంటవాడు.

ఇందులో ఆయన తప్పు సగమే. నేవీలో చేరేటప్పుడు గన్నుల దగ్గరే వేయమని అడిగాడు. అడిగినవాళ్లందరినీ గన్నుల దగ్గర వేస్తే ఇక అన్నం ఎవరు వండాలని కాబోలు, వాళ్లు గ్యాలీలో వేశారు. ఓడలో వంటింటిని గ్యాలీ అంటారు. అది ఇంగ్లీషువాళ్లు వాడి వాడి అమ్మిన పాత ఓడ. పడుకోవడానికి మంచాలు లేవు. అన్నం తినే గదిలోనే ఇనుపకొక్కేలకు గుడ్డ ఉయ్యాలలు కట్టుకుని గబ్బిలాల్లా వేలాడేవారు. చుట్టూ కనుచూపుమేర నీళ్లే, స్నానానికి మాత్రం కొలిచి పోసేవారు. ప్యాంటును తిరగేసి, అడ్డంగా ఏడు మడతలు పెట్టి బరువు కింద నొక్కిపెడితే ఇస్త్రీ అయ్యేది. ఏడు సముద్రాలకు ఏడు మడతలట. అంత ముస్తాబూ చేసుకుని మట్టయ్య వెళ్లేది ఉల్లిగడ్డలు కోయడానికి.

మొదటి ఏడాది ఒక తుఫానులో ఓడ ఒరిగి, మట్టయ్య వండిన గంగాళం పప్పు ఒక ఆఫీసరు తెల్లప్యాంటు మీదికి పోయింది. తిట్లు పడ్డాయి, సెలవు కూడా పోయింది. ఆనాటి నుంచి మట్టయ్య పప్పు చిక్కగా వండడం మొదలుపెట్టాడు. గరిటె గుచ్చితే నిలబడాలి. ఓడ ఒరిగితే గరిటె కూడా ఓడతోపాటే ఒరగాలి తప్ప పప్పు కదలకూడదు. దానికి వెల్లుల్లి మాడీ మాడకముందు దించిన పోపు. ఆ పప్పును మొదట తిట్టుకుంటూ తిన్నవాళ్లు తర్వాత అడిగి వేయించుకునేవాళ్లు.

డెబ్భై ఒకటి యుద్ధంలో ఆయన చేసింది కూడా చెప్పుకోవాలి. అపాయం గంట మోగగానే పొయ్యిలార్పడం ఆయన విధి. ఆర్పి, బియ్యం బస్తా మీద కూర్చుని, పప్పుగిన్నె మూత రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. పైన ఢాంఢామని చప్పుళ్లయ్యాయి. కాసేపటికి అవి ఆగాయి. మళ్లీ పొయ్యిలు వెలిగించాడు. పైన జరిగిందంతా టీ తాగడానికి వచ్చిన జోగారావు చెప్పాడు. జోగారావుది శ్రీకాకుళం వైపు, అసలు గన్నరు. శత్రువు విమానం ఎటునుంచి వచ్చింది, తను ఎట్లా గురిపెట్టింది, అది తోక పొగ వదులుకుంటూ ఎట్లా పారిపోయింది, చేతులు తిప్పుతూ చెప్పాడు.

యుద్ధమయ్యాక సెలవు మీద ఊరికి పోతే, అరుగు మీద పెద్దలు అడిగారు. "ఓడల నువ్వు చేసేదేంది మట్టయ్యా?" వంట అని చెబుదామని నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి జోగారావు విమానం వచ్చింది. వాళ్లు చాయ్ చెప్పారు. ఆ తర్వాత వెనక్కి తీసుకునే సందర్భం ఏనాడూ రాలేదు.

అబద్ధానికి కాపలా కాయడం గోదాముకు కాసినట్టు కాదు, సెలవు దొరకదు. ఆ మరుసటేడు అండాలమ్మతో పెళ్లయింది. గన్నరు పొయ్యి దగ్గరికి పోతే బాగుండదు కాబట్టి మట్టయ్య ఇంట్లో పొయ్యి వంక చూడడమే మానేశాడు. ఒకసారి ఆమెకు పది రోజులు జ్వరమొస్తే, నీళ్లు కాచి ఇమ్మని అడిగింది. గిన్నె ఎటుపక్క పట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. పక్కింటావిడ కాచి ఇచ్చింది. ఆయనకు లోపల ప్రాణం కొట్టుకుంది గానీ, విమానాన్ని తరిమినవాడు జావ కాస్తే చూసేవాళ్లకెట్లా ఉంటుంది?

అట్లా నలభై ఏళ్లు గడిచి రెండువేల పదకొండు వచ్చింది. తెలంగాణ ఉద్యమం ఇంటింటికీ చేరింది. లాయర్లకొక జేఏసీ, ఆటోవాళ్లకొక జేఏసీ, కిరాణా దుకాణాలకొక జేఏసీ. మట్టయ్య కాలనీలో రెండున్నాయి, కన్వీనర్ అవుదామనుకున్నవాళ్లు ఇద్దరు కాబట్టి. వాళ్లలో సైదులు గట్టివాడు. అబ్దుల్లాపూర్‌మెట్ దాకా ప్లాట్లు అమ్మేవాడు. ప్లాటు గురించి చెప్పినా రాష్ట్రం గురించి చెప్పినా గొంతు ఒకటే.

"కాకా, ఐతారం నాడు హైవే మీద వంటా వార్పు పెడుతున్నం. రోడ్డు మీదనే వండుడు, రోడ్డు మీదనే తినుడు. నువ్వు డ్రెస్సుల ఒచ్చి స్టేజీ మీద కూసోవాలె" అన్నాడు సైదులు.

"నేనెందుకురా, పెద్దోన్ని" అన్నాడు మట్టయ్య, టోపీ ఏ పెట్టెలో ఉందో ఆలోచిస్తూ.

"అవుతలి సంఘపోల్లు పోలీసు రిటైరైనాయిన్ని తెస్తున్నరు కాకా. మనకు నేవీ ఉన్నది."

పాత ప్యాంటు నడుము దగ్గర జానెడు తక్కువైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తది కుట్టించుకోవడానికి పోతే దర్జీ అడుగుభాగం కొలత విని పెన్సిల్ ఆపాడు. "ఏం నాటకం సార్?" అని అడిగాడు. మట్టయ్య కొలత ఇంకోసారి చెప్పాడు. ఇంటికి తెచ్చి, తిరగేసి, ఏడు మడతలు పెట్టి, రుబ్బురోలు తెచ్చి మీద పెట్టాడు. ఇంట్లో ఇస్త్రీపెట్టె ఉండగా ఈ పని ఏమిటని అండాలమ్మ అడిగితే, నేవీ సంగతులు నీకు తెలియవన్నాడు.

ఆదివారం పొద్దున హైవే ఆగిపోయింది. ఒకవైపు విజయవాడ నుంచి వచ్చిన బస్సులు, ఒకవైపు పోవాల్సిన లారీలు, నడుమ నాలుగు రాళ్లపొయ్యిలు. స్టేజీ మీద మట్టయ్య, కుడిచేతి గుర్తు జనానికి కనబడకుండా కొంచెం పక్కకు తిరిగి, కాళ్లు ఎడంగా పెట్టి కూర్చున్నాడు. సైదులు మైకు పట్టుకుని, సముద్రాన్ని గడగడలాడించిన తెలంగాణ బిడ్డ అని పరిచయం చేశాడు. కింద ఆడవాళ్లలో అండాలమ్మ ఉంది. ఆమె కొంగు సర్దుకుంది.

లోపం ఒక్కటే. వంటమనిషి రాలేదు. ఫంక్షన్‌హాళ్లలో వండే అతనికి బయానా ఇచ్చారు. అతను వంటగిన్నెలన్నీ ముందురోజే పంపి తను ఆటోలో బయల్దేరి, మూసారాంబాగ్ వంతెన దగ్గర ఇంకో జేఏసీ రాస్తారోకోలో ఇరుక్కున్నాడు. సైదులు ఫోన్ చేసి, ఆ ఆటోను వదలండి, అది ఉద్యమం ఆటో అన్నాడు. ఇక్కడ ఆగినవన్నీ ఉద్యమం కోసమే ఆగినయ్ అన్నారు వాళ్లు.

ఇక కార్యకర్తలే పొయ్యిలంటించారు. ఒకరు పప్పులో నీళ్లు తక్కువన్నారు, ఒకరు ఎక్కువన్నారు, ఇంకొకరు దీని మీద కమిటీ వేద్దామన్నారు. ఇంతలో పప్పు అడుగంటడం మొదలైంది.

ఆ వాసన అందరికంటే ముందు స్టేజీ మీదికి చేరింది. మట్టయ్య ముక్కు పక్కకు తిప్పుకున్నాడు. ఉపన్యాసం మీద మనసు పెట్టాడు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఎవరో అడుగంటిన గిన్నెలోకి గరిటె దించి అడుగుదాకా కలపబోవడం కనబడింది. అది ఆయనవల్ల కాలేదు.

"అడుగు కలపకురా" అంటూ లేచాడు. టోపీ తీసి కుర్చీలో పెట్టి, నీలం కాలర్ విప్పి నడుములో దోపుకుని, మెట్లు దిగిపోయాడు. పైపప్పు వేరే గిన్నెలోకి వంపించాడు. రెండు పొయ్యిల్లో కట్టెలు లాగించాడు. ఉల్లిగడ్డలు ముందేసుకుని కూర్చున్నాక, ఆ కత్తి చప్పుడు విని పక్కన కోస్తున్నవాళ్లు ఆపి చూశారు. ఆయన ఎవరినీ చూడలేదు. ఇన్నేళ్ల తర్వాత చేతులకు పని దొరికింది, అవి ఆయన్ని అడగకుండానే చేసుకుపోతున్నాయి. ఆడవాళ్లలో నుంచి అండాలమ్మ లేచి రెండడుగులు ముందుకొచ్చి నిలబడింది.

మధ్యాహ్నానికి వడ్డన మొదలైంది. ఆగిపోయిన బస్సుల్లోవాళ్లను కూడా తినిపొమ్మని సైదులు మైకులో పిలిచాడు. మా పోరాటం పాలకులతోగాని ప్రజలతో కాదన్నాడు. ఆకలితో ఉన్న ప్రజలు బస్సులు దిగి వరుసలో నిలబడ్డారు. అందులో పంచె కట్టుకున్న ముసలాయన ఒకడు, విశాఖపట్నం బస్సు దిగినవాడు, పప్పుగిన్నె దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. గిన్నె నడిమధ్యన గరిటె నిటారుగా నిలబడి ఉంది.

"ఇది ఎవుడు వండేడు?" అన్నాడు.

వడ్డించేవాడు చెయ్యి చూపించాడు. ముసలాయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నములుతూనే పొయ్యిల వైపు నడిచాడు.

"ఒరే మట్టయ్యా. నువ్వింకా పప్పు ఇలాగే సిమెంటులా వండుతున్నావేట్రా?"

మట్టయ్య తలెత్తి చూశాడు. ఎదురుగా జోగారావు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న కూతురి ఇంటికి వస్తూ బస్సు ఆగితే దిగిన జోగారావు. మట్టయ్యకు పారిపోదామనిపించింది గానీ రెండువైపులా రోడ్డు బందు ఉంది.

జోగారావుకు ఈ కథలేమీ తెలియవు. ఆయన చుట్టూ ఉన్నవాళ్లకు సంతోషంగా చెప్పుకుపోయాడు. "మా ఓడలో వంటోడండి. మేం పైన గన్నులు కాలుస్తుంటే ఈడు కింద గిన్నె మూత పట్టుకుని కూకున్నాడు. ఆనక టీ పోస్తూ, విమానం ఎలాగుంటాది జోగారావా, అనడిగేడు."

పొయ్యిల దగ్గర అందరూ మట్టయ్య వైపు తిరిగారు. మట్టయ్య పప్పు మరకలు పడిన నీలం కాలర్‌తో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. జనం నవ్వుతారు, లేదా ఉమ్మేస్తారు అనుకున్నాడు. సైదులు ఒక్క క్షణం తడబడ్డాడు. ప్లాటులో చెరువు బయటపడ్డప్పుడు కొనేవాళ్లకు ఎట్లా చెప్పాలో తెలిసినవాడు కనుక వెంటనే మైకందుకున్నాడు.

"అన్నం లేకుంట తుపాకి పేలదు. మన మట్టయ్య కాకా నలభై ఏండ్ల కిందటనే నడి సముద్రంల వంటా వార్పు చేసిండు. ఉద్యమం ఆడనే మొదలైంది."

జనం చప్పట్లు కొట్టి మళ్లీ పప్పు అడిగారు. అంతే. ఎవరికీ కోపం రాలేదు, ఎవరూ మోసపోయామనుకోలేదు. మట్టయ్యకు అదే మింగుడుపడలేదు. అంత శ్రద్ధగా మోసిన అబద్ధానికి కనీసం ఒక్క తిట్టయినా రావాలి కదా.

ఆ తిట్టు ఇంటి దగ్గర ఉంది. అండాలమ్మ దారంతా ముందు నడిచింది. ఇంటికొచ్చి చెప్పులు విడిచాక అంది.

"పప్పు బాగున్నది."

మట్టయ్య నడుములోంచి కాలర్ తీసి మడత పెట్టసాగాడు.

"ఉప్పు సమానంగ పడ్డది. రెండుసార్లు ఏయించుకున్న." చెప్పులు గోడవారకు జరిపింది. "నువ్వు గన్ను పేల్చలేదని నాకేం బాధ లేదు. నాకు జ్వరమొచ్చిననాడు నీళ్లు కాగబెట్టరాదంటివి చూడు."

"ఓడల పొయ్యి వేరే ఉంటది అండాలూ."

ఆమె లోపలికెళ్లిపోయింది. ఆ తర్వాత రెండు మూడు నెలలు వంట మామూలుగానే చేసింది, కానీ వడ్డించేటప్పుడు గిన్నె కొంచెం దూరంగా పెట్టేది.

మట్టయ్యకు బయట పేరు పెరిగింది, అయితే ఆయన కోరుకున్న పేరు కాదు. ఎల్బీనగర్‌లో ఎవరు టెంటు వేసినా గరిటె పట్టడానికి పిలుపు వచ్చేది. డ్రెస్సుతో రమ్మనేవారు. జోగారావు కూతురింట్లో ఉన్నన్నాళ్లూ తినడానికి వచ్చేవాడు. ఒకనాడు టెంటులో తన విమానం కథ మొదలుపెట్టాడు. సగంలోనే కాలనీవాళ్లు ఆపేశారు. "పెద్దాయనా, గిది మా మట్టయ్య కథ. మాకు నోటికొచ్చు. నువ్వు నీది చెప్పు" అన్నారు. జోగారావు మట్టయ్య వైపు చూశాడు. మట్టయ్య పొయ్యిలో కట్టె ఎగదోశాడు. చివరికి వాళ్లు జోగారావును కూడా ఓడలో ఏదో కూరగాయలు తరిగినవాడికింద లెక్కగట్టి, తరగడానికి వంకాయలిచ్చారు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బళ్లు, బస్సులు, ఆఫీసులు బందయ్యాయి. మొదటిరోజు పొద్దున మట్టయ్య టెంటుకు తయారై, చాయ్ కోసం చూస్తే అండాలమ్మ ముందుగదిలో కుర్చీ వేసుకుని టీవీ పెట్టుకుని కూర్చుంది.

"చాయ్ పెట్టలేదా?"

"సమ్మె గద."

"అది సర్కారు నౌకర్లది."

"సకల జనులు అంటున్నరు. నేను జనం కాదా?"

మట్టయ్య వంటింట్లోకి పోయాడు. పాలగిన్నె ఎక్కడుందో అడగాల్సి వచ్చింది. ఆమె చెప్పింది. మధ్యాహ్నం పప్పు వండితే కొంచెం పల్చగా చేయమంది, మన ఇల్లు ఊగదు కదా అని.

అక్టోబరు చివర్లో ఉద్యోగులు సమ్మె విరమించారు. బస్సులు తిరిగాయి. ఆ రోజు మట్టయ్య పేపరు చేతపట్టుకొచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"సమ్మె ఇడిసిన్రట."

"వాళ్లతోని మాట్లాడిన్రు, ఇడిసిన్రు" అంది అండాలమ్మ. "నాతోని ఎవ్వరు మాట్లాడలె."

"నీ డిమాండేంది, చెప్పు."

ఆమె నిజంగానే ఆలోచించింది. అడిగేదాకా వస్తుందని ఎన్నడూ అనుకోలేదేమో, ఏమీ తోచలేదు. "జర టైమియ్యి" అంది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. టెంట్లు లేచిపోయాయి. రెండు జేఏసీల కన్వీనర్లూ ఒకే పార్టీలో చేరి కొట్టుకుంటున్నారు. అండాలమ్మ ఇంకా ఆలోచిస్తూనే ఉంది, తొందరేమీ లేదంటుంది. పొద్దున్నే చాయ్ మట్టయ్యే తెచ్చిస్తాడు. వేడి చాలకపోతే ఆమె చెబుతుంది, ఆయన మళ్లీ కాచుకొస్తాడు.