లేని బస్సుకి మంత్రిగారి జవాబు

నాకు హిందీ చెప్పిన టీచరు గారు ఎమ్మెల్యే అయ్యారంటే మా వీధిలో ఎవరూ ఒక పట్టాన నమ్మలేదు. ఎనభైల మొదటి సంవత్సరాలవి. ఆ ఎన్నికల్లో అంతకుముందు రాజకీయాల వైపు తొంగి చూడనివాళ్ళు చాలామంది నిలబడ్డారు, చాలామంది గెలిచారు కూడా. టీచరు గారు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, జీపెక్కి, పత్తి చేల మధ్య ఊళ్ళన్నీ తిరిగారు. గెలిచిన మర్నాడు పొద్దున ఎప్పటిలాగే సంచీ పట్టుకుని కూరగాయల బజారుకి వెళ్తే, వంకాయలమ్మే ఆవిడ తూకం ఆపి లేచి నిలబడిందట. టీచరు గారు ఆవిణ్ణి కూర్చోబెట్టి, "ముందు పుచ్చులు ఏరమ్మా" అన్నారట. ఊరంతా నెలరోజులు ఇదే చెప్పుకున్నారు.

నేనప్పటికి డిగ్రీ పాసయ్యాను. జిన్నింగు మిల్లు వెనక ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు, ఇంగ్లీషు టైపు నేర్చుకుని, ఏ ఉద్యోగమూ రాక ఇంట్లో ఉన్నాను. మా నాన్న చర్చి వాళ్ళ బళ్ళో టీచరు. టీచరు గారు కబురు పంపితే ఆయనే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. వరండాలో ఒక బల్ల, దాని మీద ఎక్కడిదో పాత తెలుగు టైపు మిషను. దానికి 'ఋ' పడదు. ఒత్తులు ఒక్కోసారి పై లైన్లోకి ఎక్కి కూర్చుంటాయి. టీచరు గారు మా నాన్నకి కాఫీ ఇచ్చి, నాకు తెల్ల కాగితాల కట్ట ఇచ్చారు. నా ఉద్యోగం ఆ విధంగా మొదలైంది.

ఆవిడ క్లాసులో అరిస్తే ఆటస్థలం దాకా వినపడేది. అసెంబ్లీలో మాత్రం ఆ గొంతు పనిచేయలేదు. మొదటి సమావేశాలు ముగించుకుని వచ్చి, ఎవరో ఒకరు మాట్లాడుతుంటే పదిమంది లేచి అరుస్తారనీ, తను లేచేసరికి గంట కొట్టేస్తారనీ చెప్పారు. ఆవిడ మొహంలో దిగులేం కనపడలేదు. అక్కడే ఒక సంగతి కనిపెట్టి వచ్చారు. సభ్యులు మంత్రుల్ని రాతపూర్వకంగా ప్రశ్నలు అడగవచ్చు. వాటికి మంత్రులు రాతపూర్వకంగా జవాబు చెప్పి తీరాలి. అరవనక్కర్లేదు, గంట భయం లేదు.

"ఇరవై ఏళ్ళు ప్రశ్నపత్రాలు తయారు చేశాను. పిల్లలు ఎక్కడెక్కడ తప్పించుకుంటారో నాకు తెలియదా?" అన్నారు.

అప్పట్నించీ ప్రతి ఉదయం వరండాలో ఆవిడ పచార్లు చేస్తూ చెప్పడం, నేను టైపు చెయ్యడం. "గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి దయచేసి తెలియజేయుదురా" అని మొదలయ్యేది. తర్వాత "అ", "ఆ", "ఇ" అని భాగాలు. ఫలానా మాట వాస్తవమా? వాస్తవమైనచో కారణమేమి? ఎప్పటిలోగా సరిచేయుదురు? ఏ భాగాన్నీ అవునని గానీ కాదని గానీ చెప్పి దాటేయడానికి వీల్లేకుండా ఒకదానికొకటి ముడిపెట్టేవారు. చదివి వినిపించమని, కళ్ళు మూసుకుని వింటూ, "ఇక్కడ సందుంది, దూరిపోతాడు" అని మళ్ళీ రాయించేవారు.

ఊళ్ళలోంచి వచ్చే జనానికి ముఖ్యంగా ఉండే బాధలు బస్సులూ రోడ్లే. చీమకుర్తి వైపు నించి నల్లరాయి మోసుకొచ్చే లారీలు బడి పక్కన దుమ్ము లేపుతున్నాయని కొందరు, మిరపకాయల సీజన్లో రైలు గేటు దగ్గర బళ్ళు సగం రోజు నిలబడిపోతున్నాయని కొందరు. ఒకసారి మా నియోజకవర్గం కాకపోయినా కొత్తపట్నం నించి చేపలమ్ముకునే ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. నీచు వాసనని చెప్పి కండక్టర్లు తమ గంపల్ని బస్సెక్కనివ్వడం లేదన్నారు. టీచరు గారు వాళ్ళ తరఫునా ప్రశ్న వేశారు. తోటి ప్రయాణికులకు అభ్యంతరం లేనిచో గంపలు అనుమతింపబడునని మంత్రిగారి జవాబు వచ్చింది.

జవాబులు రాగానే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఎర్ర కలం తీసి, పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దేవారు. "పరిశీలనలో ఉన్నది" అని వస్తే పదికి ఒకటి. "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు" అని వస్తే సున్నా. చేపల గంపల జవాబుకి, ఎంతో కొంత చెప్పాడులే అని మూడు వేశారు. ఆ కాగితాలు ఎవరికీ చూపించేవాళ్ళం కాదు గానీ, ఆ మార్కుల కోసం నేను పోస్టుమాన్ కంటే ముందే గేటు దగ్గర నిలబడేదాన్ని.

మా పట్టణానికి కొంచెం దూరంలో వాగు దాటితే ఒక ఊరుంది. మేము దాన్ని వాగవతలి ఊరనే అనుకునేవాళ్ళం. అసలు పేరు వేరే ఉంది, ఆ పేరుతో జిల్లాలో ఇంకో ఊరూ ఉంది. వాగు మీద కాంక్రీటు చప్టా ఒక పక్క విరిగి ఉండేది. రోడ్డంతా నల్లరేగడి. వాన పడితే చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సిందే. ఎర్ర బస్సు మెయిన్ రోడ్డు మీద ఆగి వెళ్ళిపోయేది. హైస్కూలుకి వచ్చే ఆడపిల్లలు, పత్తి తీతకీ మిరపకాయల కోతకీ పోయే కూలీలు, పురుటికి ఆస్పత్రికి వచ్చే ఆడవాళ్ళు అందరిదీ అదే నడక.

ఒక ఆదివారం ప్రార్థన అయిపోగానే ఆ ఊరి ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు. వాళ్ళ ముందు ఒక పెద్దావిడ. పొలం పనుల్లో నల్లబడి, తెల్లచీర కట్టుకుని, నిటారుగా నడిచే మనిషి. వాళ్ళ చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడేనని మా నాన్న చెప్పాడు. టీచరు గారు అందర్నీ కూర్చోమని, పెన్షన్లూ ఇళ్ళస్థలాలూ ఏమైనా ఉన్నాయా అని ఒక్కొక్కటీ అడుగుతూ వచ్చారు. పెద్దావిడ అన్నిటికీ తల అడ్డంగా ఊపింది.

"అయ్యన్నీ తర్వాత చూద్దామమ్మా. ముందు బస్సు మా ఊళ్ళోకి రావాల. రోడ్డు మీద ఆగడం కాదు, ఊళ్ళోకి" అంది.

ఆ మధ్యాహ్నమే రవాణా మంత్రికి ప్రశ్న రాశాం. కొన్ని వారాలకి జవాబు వచ్చింది. రోడ్డు, చప్టా బస్సు నడుపుటకు అనువుగా లేవు. సరేనని రోడ్ల మంత్రికి రాశాం. సదరు రోడ్డుపై బస్సుల రాకపోకలు లేనందున దానికి ప్రాధాన్యత ఇవ్వబడలేదని ఆయన జవాబు. టీచరు గారు రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత నవ్వుతూ, మళ్ళీ రవాణా మంత్రికే మూడో ప్రశ్న చెప్పారు. రోడ్డు లేనందున బస్సు లేదని ఒక మంత్రి, బస్సు లేనందున రోడ్డు లేదని మరొక మంత్రి తెలిపిన మాట వాస్తవమా? వాస్తవమైనచో ఈ రెంటిలో ఏది ముందు రాగలదు? అసలా గ్రామానికి బస్సు నడిపే ఉద్దేశం ప్రభుత్వానికి ఉన్నదా, లేదా?

ఈసారి జవాబు ఆలస్యమైంది. సంక్రాంతి వెళ్ళిపోయి, కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్న రోజుల్లో వచ్చింది. కవరు నేనే చింపాను. చదివి, ఒళ్ళు మండి, ఆవిడ చేతికిచ్చాను. అందులో ఇలా ఉంది: సదరు గ్రామమునకు దినమునకు రెండు పర్యాయములు బస్సు నడుపబడుచున్నది. కావున ఇతర భాగములు ఉత్పన్నం కావు.

"ఇంత పచ్చి అబద్ధమేమిటండీ? మనం ఆ ఊరివాళ్ళకేం జవాబు చెప్పాలి?" అన్నాను.

టీచరు గారు ఒకసారి చదివారు, మళ్ళీ చదివారు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. కుర్చీలో ముందుకి వంగిపోయి, కళ్ళజోడు తీసి చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. వంటింట్లోంచి వాళ్ళ అత్తగారు ఏమైందోనని వచ్చి చూసి వెళ్ళింది. నాకేమీ అర్థం కాలేదు. ఆవిడ ఎర్ర కలం తీసి, పదికి పది వేసి, కింద గీత కూడా గీశారు.

"పిచ్చిపిల్లా, మంత్రిగారు సభకి రాసిచ్చారు, బస్సు నడుస్తోందని. ఇక నడవకుండా ఎలా ఉంటుంది? చెప్పులేసుకో, డిపోకి పోదాం" అన్నారు.

డిపో మేనేజరు మర్యాదస్తుడు. ఎమ్మెల్యే గారు వచ్చారని కుర్చీ తుడిపించి, సోడాలు తెప్పించాడు. టీచరు గారు సోడా తాగి, నోరు తుడుచుకుని, వాగవతలి ఊరి అసలు పేరు చెప్పి, ఆ ఊరి బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందో కనుక్కుందామని వచ్చామన్నారు. ఆయన గోడ మీది బోర్డు వైపు చూసి, ఆ ఊరికి మా సర్వీసేమీ లేదండీ అన్నాడు. టీచరు గారు మంత్రిగారి జవాబు ఆయన ముందు పెట్టారు. ఆయన చదివి గుమాస్తాని పిలిచాడు. గుమాస్తా ఫైలు తెచ్చాడు. ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. కాసేపటికి విషయం బయటపడింది. అదే పేరున్న ఇంకో ఊరు జిల్లా అవతలి కొసన ఉంది కదా, దాని వివరాలు పొరపాటున పైకి వెళ్ళాయి.

మేనేజరు గబగబా ఫైలు మూసేశాడు. పొరపాటు దిద్దమని పైకి రాస్తామన్నాడు.

"రాయండి. మంత్రిగారు సభకి తప్పు చెప్పారని మీరు రాస్తే నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం రాయలేను, ఆయన మాట మీద నాకు గౌరవం" అన్నారు టీచరు గారు.

గుమాస్తా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చివరికి మేనేజరే, ఇప్పుడు వాగులో నీళ్ళు లేవు కదా, చప్టా పక్కనించి బస్సు దిగి వెళ్ళగలదేమో చూద్దామని మెల్లిగా అన్నాడు. ఊరివాళ్ళు దారి సరిచేస్తే వచ్చే సోమవారం నించి నడిపిస్తానన్నాడు. టీచరు గారు లేచి ఆయనకి నమస్కారం పెట్టారు. బయటికొచ్చి రిక్షా ఎక్కాక మళ్ళీ నవ్వు ఆపుకోలేకపోయారు. నాకూ అప్పటికి నవ్వడం వచ్చింది.

ఊరివాళ్ళకి కబురు పంపడమే తరువాయి. ఎడ్లబళ్ళు కట్టి గ్రావెలు తోలారు. రైతులు బళ్ళిచ్చారు, కూలీలు ఒళ్ళొంచారు, కరణం గారి అల్లుడు ట్రాక్టరు తెచ్చి చదును చేశాడు. పెద్దావిడ గంప నెత్తిన పెట్టుకుని పాట ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్ళు అందుకునేవారట. శనివారం సాయంత్రానికల్లా చప్టా పక్కన బండి దిగి ఎక్కేంత దారి తయారైంది.

సోమవారం ఉదయం టీచరు గారూ నేనూ ఆ బస్సులోనే వెళ్ళాం. వాగు దగ్గర డ్రైవరు దిగి, దారిని కాలితో తొక్కి చూసి, మీసం దువ్వుకుని మళ్ళీ ఎక్కాడు. బస్సు ఒక పక్కకి ఒరిగి, గీకుతూ దిగి, మూలుగుతూ పైకొచ్చింది. ఊరి మొదట్లో రోడ్డుకి రెండు వైపులా మిరపకాయల కల్లాలే. బస్సు లేపిన గాలికి ఘాటంతా లోపలికొచ్చి డ్రైవరు, కండక్టరు, మేమూ ఒకటే తుమ్ములు. బయట దండలు పట్టుకుని నిలబడ్డవాళ్ళూ తుమ్ముతున్నారు. సర్పంచి గారు స్వాగత వచనాలు రెండు ముక్కలు కూడా పూర్తి చేయలేకపోయాడు. డ్రైవరుకి వేసిన బంతిపూల దండ స్టీరింగుకి చుట్టుకుంటే విప్పడానికి నలుగురు ఎక్కారు.

తిరుగు ప్రయాణానికి పెద్దావిణ్ణి అందరూ ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, మనవరాలిని ఒళ్ళో పెట్టుకుంది. మొదటిరోజు కదా, నీకు టిక్కెట్టు వద్దులే అవ్వా అన్నాడు కండక్టరు. ఆవిడ ఒప్పుకోలేదు.

"కొట్టు నాయనా. టిక్కెట్టు చేతిలో లేకపోతే బస్సెక్కినట్టు నాకెట్టా ఉంటది?" అంది.

అతను కొట్టి ఇచ్చాడు. ఆవిడ దాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుని, మనవరాలికి చూపించి, గుప్పెట్లో పెట్టుకుంది. వెనక సీట్లలో హైస్కూలు ఆడపిల్లలు. ఆరోజు వాళ్ళ కాళ్ళకి మట్టి లేదు. బస్సు కదలగానే ఆడవాళ్ళు క్రిస్మస్ పాట ఎత్తుకున్నారు. క్రిస్మస్ వెళ్ళి ఎంతకాలమైందని ఎవరూ అడగలేదు.

మర్నాడే టీచరు గారు రోడ్ల మంత్రికి నాలుగో ప్రశ్న చెప్పారు. సదరు గ్రామమునకు దినమునకు రెండు పర్యాయములు బస్సు నడుచుచున్నదని రవాణా మంత్రి సభకు తెలిపియున్నందున, బస్సు నడిచే రోడ్డుకి ఇవ్వవలసిన ప్రాధాన్యత దీనికి ఎప్పటిలోగా ఇచ్చెదరు? ఈసారి ఏ మంత్రికీ తప్పించుకునే సందు దొరకలేదు. వానలు ముదరకముందే చప్టా మీద కొత్త కాంక్రీటు పడింది.

తర్వాత ఎన్నికలు అనుకున్నదాని కంటే ముందే వచ్చాయి. టీచరు గారికి మళ్ళీ పోటీ చేసే అవకాశం రాలేదు. ఆవిడ బాధపడినట్టు నేను చూడలేదు. ఇంట్లోనే హిందీ పరీక్షలకి పిల్లల్ని తయారు చెయ్యడం మొదలుపెట్టారు. నాకు ఒంగోలులో ఒక ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది.

ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు, వాగవతలి ఊళ్ళో పెద్దావిడ మనవడి పెళ్ళికి ఇద్దరం కలిసి బయల్దేరాం. పత్తి సీజను. బస్సు కిటకిటలాడుతోంది. కండక్టరు కొత్తవాడు, టీచరు గారు ఎవరో తెలియదు. "పైకి జరగండమ్మా, పైకి జరగండి" అని ఆవిణ్ణి కూడా అందరితోపాటు లోపలికి నెట్టేశాడు. నాకు కోపమొచ్చి ఏదో అనబోయాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపారు. పై కమ్మీ అందక నా భుజం పట్టుకుని, ఒక పక్క పత్తి మూట, ఒక పక్క స్కూలు సంచీల మధ్య ఇరుక్కుని, ఊరు వచ్చేదాకా నిలబడే ఉన్నారు. కూర్చోవడానికి చోటు లేదని అంతగా సంతోషించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.