కొమ్ము బిళ్ళ

నా భర్త గిటారు వాయించేవాడు. పందొమ్మిది వందల యాభైల్లో, నందవరం దగ్గరి పల్లెలో, కూలికి పోయే మనిషి చేతిలో గిటారు ఉండటం వింతే. ఎమ్మిగనూరులో కొన్నేళ్లున్న మిషను దొర ఒకాయనకు ఈయన బండి తోలాడు. ఆయన వాయిస్తుంటే చూసి నేర్చుకున్నాడు. దొర తన దేశం వెళ్లిపోతూ ఆ గిటారును ఈయనకే ఇచ్చిపోయాడు. మా చిన్న చర్చికి హార్మోనియం లేదు. ఆదివారం పాటలకు ఆ గిటారే ఆధారం.

గిటారుతో పాటు తీగలు మీటే బిళ్ళ ఒకటి వచ్చింది. చూడటానికి చిన్న తమలపాకులా ఉండేది. మొదటి ఎండాకాలమే అది విరిగింది. ఆదోని బజారులో అడిగితే అలాంటిదొకటి ఉంటుందనే ఎవరికీ తెలియలేదు. మా అత్త ఉరుకుంద తిరునాళ్లలో కొన్న ఎనుముకొమ్ము దువ్వెన పళ్లు ఊడి మూలన పడి ఉంటే, దాని వెన్నును కోసి, గాజుపెంకుతో గీకి, నూనె పట్టించి నేనొక బిళ్ళ చేశాను. అప్పటి నుంచి బిళ్ళలు చేయడం నా పని అయింది.

గోరంత పలచగా గీస్తే బిళ్ళ తీగను తాకి వంగి జారుకునేది. చెయ్యి ఆపకుండా కిందికీ పైకీ ఆడించవచ్చు. పండుగ పాటలు పరుగెత్తేవి. కానీ మోత సన్నగా ఉండేది, దానితో పాటు టిక్కుటిక్కుమని కొమ్ము చప్పుడు వినపడేది. చింతగింజలో సగం మందం ఉంచితే బిళ్ళ వంగదు, తీగే వంగాలి. అప్పుడు మోత గుండ్రంగా, గిటారు పొట్టలో నుంచి వచ్చేది. అయితే బిళ్ళ తీగల మధ్య తట్టుకుని పాట వెనకబడేది. అందుకని అంచును ఏటవాలుగా అరగదీసేదాన్ని. ఆయన దాన్ని కాస్త ఓరగా పట్టుకుని, కొన మాత్రమే తీగకు తగిలేలా, మోచెయ్యి కదపకుండా మణికట్టుతోనే వాయించేవాడు. బిళ్ళను బిగించకూడదట, వదలకూడదట. నిద్రపోయే బిడ్డ చేతిని పట్టుకున్నట్టు పట్టుకోవాలనేవాడు.

ఒక్కోసారి నాకు గీకే ఓపిక లేక బిళ్ళ మందంగా ఉండిపోయేది.

“ఏమే, ఇది బిళ్ళనా, రొట్టెనా?” అనేవాడు.

“రొట్టెలు గూడా నేనే సేస్తాండా గదా. పట్టుకో.”

ఆ మనిషే ఒక ఏడాది వేరుశనగ కోతలయ్యాక, “ఇంగ రోంత మందంగా సెయ్యే, ఇది జారిపోతాండాది” అన్నాడు. చేశాను. కొన్నాళ్లకు ఇంకా మందం కావాలన్నాడు. చెమటకు జారుతోందనుకున్నాను. మందం పెరిగేకొద్దీ పాట నిదానించింది. చర్చిలో ముసలివాళ్లకు అది నచ్చింది. మా అత్త అయితే, “ఇన్నాళ్లకు మనుసులు పాడేతట్టు కొడ్తాండావురా. ముందు ఎద్దులు బెదిరినట్టు ఉరికేటోనివి” అని మెచ్చుకుంది.

ఒక ఆదివారం ఆడవాళ్ల వైపు చాప మీద, రెండేళ్ల బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పాట మధ్యలో మోత మారింది. కొమ్ము చప్పుడు పోయింది. మూగగా, తోలు రాసుకుంటున్నట్టు వినపడుతోంది. తలెత్తి చూశాను. బిళ్ళ ఆయన కాలి దగ్గర నేల మీద పడి ఉంది. బొటనవేలు, చూపుడువేలు మాత్రం దాన్ని పట్టుకున్నట్టే కలిసి ఉన్నాయి. మణికట్టు కిందికీ పైకీ ఆడుతూనే ఉంది. అందరి గొంతుల మధ్య ఆయనకు తేడా వినపడలేదు. వేళ్లు చెప్పాల్సిన మాట వేళ్లు చెప్పలేదు.

ఇంటికి వచ్చి చూస్తే తీగ మీద రక్తం ఎండి ఉంది.

“వేలికి ఏమైనాది?” అన్నాను.

“ఏ వేలికి?” అన్నాడు.



మరునాడు అత్త కలుపుకు పోయేదాకా ఆగి, చేసిన బిళ్ళలన్నీ తెచ్చి ఆయన ముందు కూర్చున్నాను.

“కండ్లు మూసుకో.”

“ఏందే ఈ ఆట?”

“మూసుకోప్పా. చేతిలో యా బిళ్ళ ఉండాదో సెప్పు.”

పలచటిది పెట్టాను. వేళ్లతో నలిపి నలిపి, “మందంది” అన్నాడు. మందంది పెట్టాను. “ఇది గూడా మందందే. రోంత కష్టమైంది పెట్టు” అని నవ్వాడు. ఆ తర్వాత ఏమీ పెట్టలేదు. ఆయన రెండు వేళ్లను ఒకదానికొకటి ఆనించి నా చెయ్యి తీసేశాను.

“ఇది సన్నది,” అన్నాడు. “ఈసారి సరిగ్గా సెప్పినా గదా?”

కళ్లు తెరిచాడు. ఖాళీ వేళ్లను చూసుకున్నాడు. తర్వాత చొక్కా చెయ్యి పైకి లాగి, మోచేతి కింద పాలిపోయిన మచ్చను నాకు చూపించాడు. ఆ మచ్చ నేను ఎప్పుడో చూశాను, ఎండకు వచ్చిందనుకున్నాను. తుమ్మముల్లు తెచ్చి దాని మీద గుచ్చాను. ఆయన ముల్లును చూస్తూ కూర్చున్నాడు, అంతే.

“అమ్మకు సెప్పొద్దు,” అన్నాడు.

ఆ రోగం పేరు ఇద్దరం పలకలేదు. కుష్టు అనకుండా ఊళ్లో పెద్దరోగం అనేవాళ్లు. నా పుట్టినూళ్లో ఆ రోగం వచ్చిన ఒకామెను పొలాల అవతల గుడిసెలో ఉంచారు. కన్నకొడుకే దూరంగా బండ మీద సంగటి పెట్టి, కేకేసి వెనక్కి తిరిగేవాడు. ఆమె బండ దగ్గరికి నడిచి రావడం చిన్నప్పుడు నేను చూశాను. ఇప్పుడు మా ఇంటి గడపలో కూర్చుంటే నాకు ఆ బండే కనపడేది. చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర అందరం ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగేవాళ్లం. తెలిస్తే ఆ గిన్నె ఎవరు ముట్టుకుంటారు? ఆ నెల బల్ల రోజున ఆయన కడుపునొప్పని చెప్పి చర్చికి రాలేదు.

బిడ్డ ఆయన వేలు పట్టుకుని నడిచేది. నేను పరుగెత్తి ఎత్తుకునేదాన్ని. ఆయన తన చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. కోడి ఈకతో బిడ్డ అరికాళ్లు రాసి, అది నవ్వితే ఊపిరి పీల్చుకునేదాన్ని. నా వేళ్లను నేనే గిల్లుకునేదాన్ని. ఆ అలవాటు ఎంత దూరం వచ్చిందంటే, ముసలితనంలో మనవరాలి దగ్గర అక్షరాలు దిద్దడానికి కూర్చున్నప్పుడు, పెన్సిలు చేతికివ్వగానే ముందు కళ్లు మూసుకుని వేళ్ల మధ్య దొర్లించి చూసుకున్నాను.

ఆదోనిలో దానికి మందులిచ్చే డాక్టరు ఉన్నాడని ఎమ్మిగనూరు సంతలో విన్నాను. గిటారు తీగలు కొనాలని అత్తకు చెప్పి ఇద్దరం బస్సెక్కాం. బస్సులో ఆయన చెయ్యి తువ్వాలు కింద దాచుకున్నాడు. డాక్టరు ఆయన్ను కళ్లు మూసుకోమని, దూదిపోగుతో వేళ్లు తాకుతూ, ఎక్కడ తగిలిందో చెప్పమన్నాడు. ఆయన నోరు విప్పలేదు. తగిలినట్టు తెలిస్తే కదా చెప్పేది. మోచేయి దగ్గరా మణికట్టు దగ్గరా నరాలు నొక్కి చూసి, అదేనన్నాడు డాక్టరు.

“ఊరి బయట పెడ్తారా సామీ?” అని అడిగాను.

అక్కర్లేదన్నాడు. మాత్రలు ఆపకుండా ఏళ్ల తరబడి మింగాలి, నెలనెలా వచ్చి చూపించుకోవాలి, రోగం ముదరదు, వేళ్లకు తెలివి మాత్రం రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆ మాట ఊళ్లో ఎవరు నమ్ముతారు? మాత్రలను గుడ్డలో చుట్టి, గలగలమనకుండా గిటారు పొట్టలో పెట్టాం.

వాయించడం మానేస్తే ఎందుకని అడుగుతారు. అందుకని ఉన్నవాటిలో మందమైన బిళ్ళకు రెండు బెజ్జాలు పెట్టి, దారం ఎక్కించి ఆయన బొటనవేలికి కట్టాను. శనివారం సాయంత్రం ముడి వేస్తుంటే అత్త పొలం నుంచి వచ్చింది.

“ఆ దారమేందిరా?”

“జారతాండాదిమా, చెమటకు.”

ఆమె ఆ చేతి వైపు చాలాసేపు చూసి లోపలికి పోయింది. లోపల గుడ్డ చిరిగిన చప్పుడైంది. పాత నూలుచీర అంచు పట్టుకుని వచ్చి కొడుకు ముందు కూర్చుంది. నేను కట్టిన దారం విప్పేసింది.

“దారం కోస్తాది,” అంది. “నీకు తెలీకుండానే కోస్తాది.”

గుడ్డపేలికను బెజ్జాల్లో దూర్చి, కొడుకు చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని కట్టింది. ముడి వేయడం అయ్యాక కూడా ఆమె ఆ చెయ్యి వదల్లేదు.

“మల్లా ఎప్పుడు పోవల్ల ఆదోనికి, తీగలకు?” అని నన్నడిగింది.

“వచ్చే నెల, అత్తా.”

“బిడ్డను నా కాడ ఇడిసిపోండి.”

మరునాడు చర్చిలో ఆయన వాయించాడు. అత్త నా పక్కనే కూర్చుని పాడింది. నేను పాడలేదు. పాట నిదానంగా నడుస్తోంది. తీగ మీద కొమ్ము పడుతోందా లేదా అని, ఒక్కో దెబ్బా చెవి పెట్టి వింటూ కూర్చున్నాను.