ఒక్క కాలే వాచింది

గరివిడి రైల్వే గేటు దగ్గర స్కూటరు జారి నా కుడి చీలమండ విరగడానికి కారణం నా గీర, ఇంకేమీ కాదు. గేటు పడుతోందని అందరూ ఆగారు. నేను ఆగుతానా? హైస్కూల్లో లెక్కల మాస్టారిని. వేగం, దూరం, కాలం పిల్లలకు నూరిపోసేవాణ్ణి!

సిమెంటు కట్టు వేసిన డాక్టరు కాలి వేళ్ళు ఆడిస్తూ ఉండమన్నాడు. కర్రల సాయంతో అప్పుడప్పుడు లేవమన్నాడు. ఒకేచోట పడి ఉండొద్దన్నాడు. నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడు వాడు. వీడా నాకు చెప్పేది అనుకుని, నెలన్నర పాటు పడక్కుర్చీలో కాలు చాపుకుని జమీందారులా కూర్చున్నాను. మంచినీళ్ళు కూడా మా ఆవిడే అందించేది.

కట్టు విప్పిన నాలుగో రోజుకి పిక్క ఉబ్బింది. ముట్టుకుంటే వేడి, కదిపితే నొప్పి. ఇక పరామర్శల జాతర మొదలైంది. వచ్చిన ప్రతివాడూ బొటనవేలితో నొక్కి, పడ్డ గుంట చూసి, వైద్యుడైపోవడమే. మా స్కూలు డ్రిల్లు మాస్టారు నొక్కి "నీరండీ, ఒట్టి నీరు" అని తీర్పు చెప్పి, కాఫీ తాగి వెళ్ళాడు. మా బావమరిది మూడుసార్లు పదో తరగతి తప్పిన మేధావి. ఫోన్లో ఏదో వీడియో చూపించాడు.

"కట్టిప్పితే ఇలాగే ఉంటాది బావా. నూనేసి గట్టిగా పిసికిస్తే రెండ్రోజుల్లో లాగేస్తాది."

వాడి మాటంటే నాకు ఎప్పుడూ లెక్కలేదు. అయినా ఇది మాత్రం నచ్చింది. ఇందులో నేను చెయ్యాల్సిన పనేమీ లేదు మరి. మర్నాడు పొద్దున్న మర్దనా మనిషిని పిలిపించమన్నాను.

వాపు సంగతి తెలిసి ఆ పొద్దున్నే మా అప్ప దిగింది. మా వైపు అక్కని అప్ప అంటాం. సముద్రం ఒడ్డున మా పుట్టినూళ్ళోనే ఉంటుంది. చేపలు కొని, పాసింజరు రైల్లో తెచ్చి, బజార్లో నిలబడి అమ్ముతుంది. ఆమె ఎప్పుడొచ్చినా నేను వీధి తలుపు గబుక్కున వేసేసేవాణ్ణి. పక్కింటివాళ్ళకు చేపల వాసన తగిలితే మాస్టారి పరువు ఏం కాను?

తట్ట గుమ్మంలో దించి నా దగ్గరికొచ్చింది. అందరిలా నొక్కలేదు. పంచె మోకాళ్ళదాకా జరిపి, రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టించి, వంగి చూసింది. పిక్క మీద అరచెయ్యి ఆనించింది.

"ఒక్క కాలే వాసిందేటిరా? ఒంట్లో నీరైతే రెండూ వాయాల గదా. సూడు, కాలిపోతన్నాది. మర్దనా గిర్దనా వొద్దు. పెద్దాస్పత్రికి పద."

"చేపలమ్ముకునేదానివి, నీకేం తెలుసు?" అన్నాను, శుద్ధమైన పుస్తకాల తెలుగులో. మా ఊరి మాట నా నోట్లోంచి ఊడిపోయి చాలా ఏళ్ళయింది.

"నా కాల్లు సూపించుకున్నప్పుడు డాట్రమ్మ సెప్పింది. ఒక్క కాలే వాసి, కాల్తంటే, లోపల రగతం గడ్డకట్టి ఉంటాదట. పిసికితే అది ఊడి ఊపిరితిత్తుల్లోకి ఎల్లిపోద్దట. మడిసి సచ్చిపోతాడట."

ఇంతలో మర్దనా మనిషి నూనె సీసాతో రానే వచ్చాడు. అప్ప తట్టలోంచి చేపల కత్తి తీసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఒరే, ఆడి పిక్కమీద సెయ్యేసినావంటే, ఆ సెయ్యి నా తట్టలో ఉంటాది!"

వాడు వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. మా బావమరిది ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ప్రాణభయంతో ఆస్పత్రికి బయల్దేరాననుకుంటున్నారేమో. ఛ! ఆమెది తప్పని డాక్టర్లు రాసిస్తే ఆ కాగితం ఆమె మొహాన కొడదామని బయల్దేరాను. విజయనగరం దాకా ఆటోలో వెళ్ళాం. నా కాలు కుదుపుకి కదలకుండా అప్ప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

స్కానింగ్ చేసిన డాక్టరమ్మ ముఖం మారింది.

"మోకాలి పైదాకా సిరలో రక్తం గడ్డకట్టింది. మర్దనా ఏమైనా చేయించారా?"

"లేదండీ."

"బతికిపోయారు. ఇది ఊడి ఊపిరితిత్తుల్లో అడ్డం పడితే మాకు టైం కూడా ఉండదు."

దెబ్బ తగిలి, కట్టుతో కదలకుండా పడి ఉంటే, కాళ్ళలో రక్తం నిలిచిపోయి ఇలా అవుతుందట. రక్తం పల్చబడే ఇంజెక్షను అప్పటికప్పుడు చేయించింది. నెలన్నర క్రితం ఆ కుర్ర డాక్టరు మొత్తుకున్నదీ ఇందుకే. నా బుద్ధి గడ్డి తింది.

"మీ ఇంట్లో ఎవరికైనా కాళ్ళ నరాల జబ్బు ఉందా? తోడబుట్టినవాళ్ళకి?"

"ఎవరికీ లేదండీ" అన్నాను. అన్నీ తెలిసినవాడిలా, గట్టిగా.

తలుపు దగ్గర నిలబడ్డ అప్ప ముందుకొచ్చి చీర మోకాళ్ళదాకా ఎత్తింది.

"నాకున్నాదమ్మా."

వానపాముల్లా మెలికలు తిరిగి ఉబ్బిన నరాలు. చీలమండల చుట్టూ బొగ్గులా నల్లబడ్డ చర్మం. ఒక కాలికి లోపలివైపు మానని పుండు, దానికి పాత చీర పీలిక. ఇన్నేళ్ళూ మా గుమ్మంలోకి నడిచొచ్చిన కాళ్ళే అవి. నేను వాసన పట్టాను గానీ కాళ్ళు చూడలేదు. పొద్దున్న "నా కాల్లు సూపించుకున్నప్పుడు" అని తన నోటితో చెబితే, ఏమైందని కూడా అడగని వెధవని.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఇలా?" అంది డాక్టరమ్మ.

"ఈడు టీచర్ ట్రైనింగుకి ఎల్లినాడు గదమ్మా, అప్పుడు రెండో బజారు పట్టినాను. పొద్దున్న ఇజీనగరం, మద్దేనం గరివిడి. పొద్దల్లా నిలబడిపోడమే. అప్పుట్నించి."

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. అడిగారు కాబట్టి చెప్పింది.

నేను పడుకున్న బల్ల మీద కాళ్ళు కాస్త జరుపుకుంటే ఆమె కూర్చునేది. నాకు తోచలేదు. డాక్టరమ్మే లేచి తన కుర్చీ ఇటు లాగి "కూర్చోమ్మా" అంది.