ఓబులమ్మ స్టీలు డబ్బా

కొత్తవాళ్లతో మాట్లాడాల్సి వస్తే ముందు ఆ మాటలు డైరీలో రాసుకుని బట్టీ పడతాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. వేంపల్లెలో మాత్రం ఆ బట్టీ ఎందుకూ పనికి రాలేదు.

శ్రీలంక యుద్ధానికి భయపడి పడవలెక్కి వచ్చి, ఇప్పటికీ తమిళనాడు శిబిరాల్లోనే బతుకుతున్న కుటుంబాలున్నాయి. వాళ్ల కోసం విశాఖ నుంచి వచ్చిన మా బృందం ఆ ఊళ్లో దుప్పట్లు, తినుబండారాలు సేకరించింది. వ్యాను కదలబోతుంటే ఓబులమ్మ అనే పెద్దావిడ స్టీలు డబ్బా నిండా వేరుశెనగ ఉండలు తెచ్చింది. మూత మీద ఆవిడ పేరు చెక్కి ఉంది.

“కవర్లో పోసుకుని డబ్బా ఇచ్చేస్తానమ్మా,” అన్నాను.

“కవర్లోనా? బిచ్చమేస్తాండామా పాపా? సుట్టాలకైతే డబ్బాలోనే పంపల్ల. డబ్బా మాత్రం మళ్లా రావల్ల. మా యమ్మ నా పెండ్లికి పెట్టింది.”

“అయితే డబ్బాకు రానూ పోనూ టికెట్టు తీయాలి,” అన్నాడు మా డ్రైవరు.

ఆవిడ అతన్ని పట్టించుకోలేదు. “ఉత్త డబ్బా పంపగూడదని సెప్పు పాపా. పక్కింటోళ్లయినా గిన్నెలో ఏదో ఒకటి ఏసే తిరిగిస్తారు గదా.”

ఇల్లే లేనివాళ్లను అలా అడగడం నా వల్ల కాదు. “వాళ్ల దగ్గర వేయడానికి ఏముంటుందమ్మా?” అన్నాను.

ఓబులమ్మ డబ్బా నా చేతిలో పెట్టి, ఎవరూ వినకుండా దగ్గరికి వంగింది.

“నేనిచ్చిండే దాంట్లోదే ఒక ఉండ ఎత్తిపెట్టి పంపమను. నేనేమన్నా గుర్తు పడతానా?”